చిన్న గాలిమర రెక్కలు 3డి ప్రింటర్‌తో చేసుకోవడం ఎలా: శ్రీకాకుళం తీరంలో నిలబడిన పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మా బావకి సంతబొమ్మాళి మండలంలో రొయ్యల చెరువు ఉంది. గట్టు మీద కాపలా గుడిసె, అందులో రెండు డీసీ బల్బులు, ఫోన్ చార్జింగ్, ఒక టార్చి. ఎండాకాలం సోలార్ పలక సరిపోతుంది. శ్రావణంలో నాలుగు రోజులు వరసగా ముసురు పట్టిందంటే బ్యాటరీ ఖాళీ. సరిగ్గా ఆ రోజుల్లోనే నౌపడ ఉప్పుమడుల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా గాలి వస్తూ ఉంటుంది. "ఇంత గాలి ఊరికే పోతంది గదా, నీ మిషన్‌తో ఏటైనా చెయ్యలేవేటి?" అని బావ అడిగాడు. మిషన్ అంటే విజయనగరంలో మా ఇంటి వెనక గదిలో ఉన్న 3డి ప్రింటర్.

ఇప్పటికి మూడు రోటర్లు (రెక్కలన్నీ కలిసి తిరిగే చక్రం) చేశాను. మొదటిది మే నెల ఎండకి వంగిపోయింది. రెండోది గాలిలో పొర దగ్గర విడిపోయి, ఒక రెక్క ముక్క నలభై అడుగుల అవతల చెరువులో పడింది. ఆ సమయానికి గట్టు మీద ఎవరూ లేరు, అదే అదృష్టం. మూడోది తిరుగుతోంది. ఇక్కడ చెప్పేది ఆ మూడోదాని పద్ధతి.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి, మిగతా మెట్లన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. ప్రింటర్‌ని ఆకారం కోసం వాడండి. బరువు మోసే పని ఫైబర్ గుడ్డకి, కార్బన్ రాడ్‌కి, లోహానికి అప్పజెప్పండి. పెద్ద కంపెనీలు కూడా ఈ దారిలోనే వెళ్తున్నాయి. 2016లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల వాళ్ళు 13 మీటర్ల గాలిమర రెక్క కోసం ప్రింట్ చేసింది రెక్కను కాదు, దాని అచ్చును. ఆ అచ్చులో ఫైబర్ వేసి రెక్క తీశారు. 2021లో జీఈ వాళ్ళు, సముద్రంలో నిలబెట్టే హాలియాడ్-ఎక్స్ గాలిమరల భాగాల కోసం పెద్ద ప్రింటర్ తయారీ మొదలుపెడుతున్నామని ప్రకటించారు. అదీ ఇసుక అచ్చులు ప్రింట్ చేయడానికే. టన్నుల బరువుండే ఇనుప భాగాన్ని మామూలుగానే పోత పోస్తారు. అంత డబ్బు, అంత పెద్ద మిషన్లు ఉన్నవాళ్ళే బరువును ప్రింట్ చేసిన ప్లాస్టిక్ మీద వేయనప్పుడు మనం వేయకూడదు. నా రెండో రోటర్ చేసిన తప్పు అదే.

గాలిని కొలవకుండా ఫిలమెంట్ (ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ) కొనకండి

ఆంధ్రాలో పెద్ద గాలిమరలన్నీ అనంతపురం, కర్నూలు, కడప వైపున్నాయి. మన వైపు లేవు. అంటే ఇక్కడ గాలి లేదని కాదు, చోటు చూసి ఎంచుకోవాలని. కొబ్బరి, జీడి తోటల మధ్య ఉద్దానంలో ఇల్లుంటే గాలిమర ఆలోచన మానుకోండి. చెట్లు గాలిని చీల్చేస్తాయి, సుడులు రేపుతాయి, రెక్కలకి అలసట పెంచుతాయి. ఉప్పుమడులు, చెరువు గట్లు, చెట్లులేని ఇసుక తిన్నెలు పనికొస్తాయి. తీరానికి మరీ దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనల సంగతి, భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కలైతే స్తంభం ఎత్తు సంగతి ముందే కనుక్కోండి.

కొలవడానికి గిన్నెల గాలిమాపకం ప్రింట్ చేసుకోండి. ప్రింటర్ మీద చెయ్యి తిరగడానికి కూడా ఇది మంచి పాఠం. 6 సెంటీమీటర్ల వ్యాసమున్న మూడు సగం బంతులు, మధ్యలో ఒక హబ్ (వాటిని పట్టి ఉంచే నడిమి భాగం), కింద 608 బేరింగ్. ఈ బేరింగ్ స్కేటింగ్ చక్రాల్లో ఉంటుంది, బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు. నా ప్రింటర్‌లో 22.2 అని గీస్తేనే సుత్తి లేకుండా బొటనవేలితో కూర్చుంది. మీ ప్రింటర్‌లో 22.1 కావచ్చు, 22.3 కావచ్చు. పెద్ద భాగం వేసే ముందు ఒక చిన్న రింగు వేసి చూసుకోండి. తిరిగే భాగానికి చిన్న అయస్కాంతం అంటించి, పక్కన ఒక హాల్ సెన్సర్ (అయస్కాంతం దగ్గరికొస్తే పసిగట్టేది) పెడితే సెకనుకి ఎన్ని చుట్లో లెక్క వస్తుంది.

చుట్ల లెక్కని గాలి వేగం లెక్కలోకి మార్చడానికి బండి కావాలి. తెల్లవారుజామున ఆకు కదలని వేళ, మనుషులు తిరగని రోడ్డు చూసుకుని బయల్దేరాం. మా తమ్ముడు బండి నడిపాడు, నేను వెనక కూర్చుని మీటరున్నర కర్ర మీద మాపకాన్ని తల కన్నా పైకి పట్టుకున్నాను. ఫోన్ జీపీఎస్‌లో 15, 25, 35 కిలోమీటర్ల వేగాలకి చుట్లు రాసుకున్నాం. అదే రోడ్డు మీద వెనక్కి వస్తూ మళ్ళీ రాసుకున్నాం. రెండింటి సగటు తీస్తే ఉన్న కొద్దిపాటి గాలి ప్రభావం పోతుంది. ఆ మూడు చుక్కలు గ్రాఫ్ కాగితం మీద పెడితే దాదాపు గీత గీసినట్టు వస్తాయి. ఆ గీతే మీ మాపకానికి పట్టిక.

దాన్ని స్తంభం నిలబెట్టబోయే చోట, వీలైనంత ఎత్తులో, కనీసం ఎండాకాలంలో ఒక నెల, వానల్లో ఒక నెల ఉంచండి. ఓపిక పట్టాల్సిన చోటు ఇదే.

ఎంత కరెంటు వస్తుందో నిజాయితీగా లెక్క వేయండి

గాలి వేగం రెట్టింపైతే అందులో ఉన్న శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఎంత గొప్ప రోటరైనా అందులో 59.3 శాతం కన్నా ఎక్కువ లాగలేదు. జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ పేరుతో చెప్పుకునే హద్దు ఇది. జనరేటర్, వైర్ల నష్టాలు కలిపితే మన చిన్న గాలిమరకి పాతిక శాతం దక్కితే బాగా చేసినట్టే.

నేను ఎంచుకున్న రోటర్ వ్యాసం 1.2 మీటర్లు, అంటే ఊడ్చే వైశాల్యం 1.13 చదరపు మీటర్లు. మన వేడికి ఘనపు మీటరు గాలి సుమారు 1.16 కిలోలుంటుంది. గాలి సెకనుకి 3 మీటర్లుంటే చేతికొచ్చేది నాలుగు వాట్లు. 5 మీటర్లుంటే 20 వాట్లు. 8 మీటర్లుంటే 84 వాట్లు. 20 వాట్లు పది గంటలు వస్తే 200 వాట్-అవర్లు, గుడిసెకి ఒక రాత్రికి సరిపోతుంది. ఇంటికి సరిపోదు. రూపాయికి ఎంత కరెంటు అన్నది మాత్రమే చూస్తే సోలార్‌దే పైచేయి. అందుకే దీన్ని సోలార్‌కి జోడీగా, ముసురు రోజుల కోసం, రాత్రుల కోసం పెట్టుకోండి.

రెక్క గీయడం

రెక్క కొస గాలి కన్నా అయిదు రెట్లు వేగంగా తిరిగేలా లెక్క పెట్టుకుందాం. మూడు రెక్కల చిన్న రోటర్‌కి ఇది నెమ్మదైన, నమ్మకమైన ఎంపిక. కోత ఆకారం, అంటే రెక్కని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, నాకా 4412 అనే ప్రామాణిక రకం. అడుగు భాగం దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి ఫైబర్ వేయడం తేలిక. ఇరుసు మధ్య నుంచి దూరం, ఆ దూరంలో వెడల్పు, తిరిగే తలానికి రెక్క ఉండాల్సిన కోణం ఇలా వస్తాయి:

15 సెం.మీ. దగ్గర: లెక్క ప్రకారం వెడల్పు 139 మి.మీ., కోణం 21 డిగ్రీలు
30 సెం.మీ. దగ్గర: 89 మి.మీ., 9.5 డిగ్రీలు
45 సెం.మీ. దగ్గర: 63 మి.మీ., 5 డిగ్రీలు
60 సెం.మీ. కొస దగ్గర: 48 మి.మీ., 2.5 డిగ్రీలు

రెక్క మొదలు దగ్గర 139 అవసరం లేదు, 110కి తగ్గించేశాను. ఇరుసు దగ్గరి భాగం చేసే పని తక్కువ, ప్లాస్టిక్ ఖర్చు మాత్రం ఎక్కువ.

ఫ్రీక్యాడ్ ఉచితం, దానిలోనే గీయొచ్చు. కోతలు పేర్చి లాఫ్ట్ చేయండి, అంటే వాటిని కలుపుతూ ఒకే ఆకారంగా మార్చండి. ఇక్కడ జాగ్రత్త. రెక్క మెలిక తిరుగుతుంది, లోపల పోయే రాడ్ మాత్రం తిన్నగా ఉండాలి. కాబట్టి ప్రతి కోతలోనూ ముందు అంచు నుంచి 30 శాతం వెడల్పు దగ్గర, పైచర్మానికీ కింది చర్మానికీ సరిగ్గా మధ్యనున్న బిందువు పట్టుకోండి. కోతలన్నిటినీ ఆ బిందువు చుట్టూనే తిప్పండి. రెక్క అత్యంత మందంగా ఉండేది కూడా అక్కడే, వెడల్పులో 12 శాతం. నేను మొదట వెనక అంచుని ఆధారంగా తిప్పాను. రాడ్ రంధ్రం సగం దూరం వెళ్ళాక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

లోపలికి బయట 6, లోపల 4 మిల్లీమీటర్లుండే కార్బన్ గొట్టం, మొదలు నుంచి పట్టికలోని 40 సెంటీమీటర్ల దూరం దాకా. అక్కడ రెక్క మందం 8 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది కాబట్టి రంధ్రానికి ఇరువైపులా ఒక మిల్లీమీటరు మిగులుతుంది. ఆ పైన గొట్టం పట్టదు. అందుకని 4 మిల్లీమీటర్ల కార్బన్ రాడ్‌ని గొట్టంలోకి పది సెంటీమీటర్లు దూర్చి, 55 దాకా పోనివ్వండి. రాడ్ బిగుతుగా ఉంటే గరుకు కాగితంతో కొంచెం అరగదీయాలి. కార్బన్ పొడి ఊపిరిలోకి పోతే ప్రమాదం, మాస్క్ పెట్టుకుని తడి చేసి అరగదీయండి. రంధ్రాలు 6.3, 4.3 మిల్లీమీటర్లు గీయండి.

వెనక అంచు లెక్క ప్రకారం కత్తిలా సున్నాకి వస్తుంది. ప్రింటర్ అలా వేయలేదు, ఒక మిల్లీమీటరు దగ్గర కోసేయండి. చదును వైపు గాలికి ఎదురుగా ఉంటుంది, గుండ్రటి అంచు ముందు నడుస్తుంది. అద్దంలో బొమ్మలా తిరగేసి ప్రింట్ చేస్తే మూడు రెక్కలూ వృథా అవుతాయి కాబట్టి మొదటి ముక్కని చేతిలో పట్టుకుని ఫ్యాన్ ముందు నిలబడి ఒకసారి చూసుకోండి.

రెక్క మొదలు, అంటే 7 నుంచి 15 సెంటీమీటర్ల దాకా, హబ్ పలకల మధ్య ఇమిడే చదునైన దిమ్మ. మందం 14 మిల్లీమీటర్లు. మొత్తం 53 సెంటీమీటర్లు మూడు ముక్కలుగా, 24 దగ్గర, 42 దగ్గర కోసుకుంటే మామూలు ఇంటి ప్రింటర్‌లో నిలువుగా పడుతుంది.

ఏ ప్లాస్టిక్?

పీఎల్ఏ వద్దు. ప్రింట్ చేయడం సులువే, కానీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. నా మొదటి రోటర్ దానిదే, పైగా నల్లరంగు. మేలో మిట్టమధ్యాహ్నం మేడ మీద ఎండలో పెట్టి కిందికి వచ్చాను. సాయంత్రానికి మూడు రెక్కలూ వాటి బరువుకే వంగి ఉన్నాయి.

పెట్‌జీ 80 డిగ్రీల దాకా, ఏఎస్ఏ 100 డిగ్రీల దాకా నిలుస్తాయి. ఏఎస్ఏకి ఎండలోని అతినీలలోహిత కిరణాలు తట్టుకునే గుణం కూడా ఉంది. కానీ దానికి మూతపెట్టె ఉన్న ప్రింటర్ కావాలి, వాసన బయటికి పోయే ఏర్పాటు కావాలి, గదిలో ఫ్యాన్ తిరిగితే మూలలు లేచిపోతాయి. పెట్టె లేకపోతే పెట్‌జీ వాడి తెల్ల రంగు వేయండి. రంగు ఎలాగూ తప్పదు, ఎందుకంటే పైన ఫైబర్ గుడ్డ అతకడానికి వేసే ఎపాక్సీ రెజిన్ కూడా గట్టి ఎండకి మెత్తబడే రకమే.

తీరం గాలిలో తేమ ఎక్కువ, ఫిలమెంట్ దాన్ని పీల్చుకుంటుంది. నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ కారే ముక్కు) దగ్గర చిటపటమని చప్పుడు, జుట్టులా పీచులు, పొరల మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తే తడిసిందని గుర్తు. పెట్‌జీని 65 డిగ్రీల దగ్గర అయిదారు గంటలు ఆరబెట్టండి. తర్వాత మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులతో దాచండి.

ప్రింటింగ్

ముక్కల్ని నిలువుగా నిలబెట్టి వేయండి. పడుకోబెడితే గుండ్రటి వైపు మెట్లు మెట్లుగా వచ్చి గాలి జారదు. నిలువుగా వేస్తే కోత అందంగా వస్తుంది. కానీ పొరలు రెక్క పొడవుకి అడ్డంగా పడతాయి. తిరిగేటప్పుడు రెక్కని బయటికి లాగే బలం సరిగ్గా ఈ పొరల్ని ఒకదాని నుంచి ఒకటి విడదీయాలని చూస్తుంది, ప్రింట్‌లో అత్యంత బలహీనమైన దిక్కు అదే. చెరువులో పడిన ముక్క తీసి చూస్తే, కత్తితో కోసినట్టు ఒకే పొర మీద నున్నగా విడిపోయి ఉంది. ఆ అతుకులో పీచు ఒక్కటి లేదు. రాడ్, ఫైబర్ గుడ్డ ఎందుకు కావాలో నాకు అర్థమైంది ఆ ముక్క చూశాకే.

0.4 మి.మీ. నాజిల్, 0.2 మి.మీ. పొర. రెక్క భాగానికి మూడు గోడలు, లోపల 15 శాతం జైరాయిడ్ (అలల అల్లిక) నింపు. దిమ్మ ఉన్న ముక్కకి ఆరు గోడలు, 60 శాతం నింపు. పొర మొదలయ్యే అతుకు గీత వెనక అంచు మీద పడేలా స్లైసర్‌లో (బొమ్మని పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) పెట్టండి. అడుగున వెడల్పాటి బ్రిమ్ (ముక్క పడిపోకుండా చుట్టూ వేసే పలచటి అంచు) ఉండాలి. యూపీఎస్ ఉంటే మంచిది. మధ్యలో కరెంటు పోయి మళ్ళీ మొదలైన ముక్కని, ఎంత బాగా కనిపించినా, రెక్కకి వాడకండి. ఆగిన చోట పొర సరిగా అతకదు. నాలుగు రెక్కలకి వేయండి, మూడింటికి కాదు. నాలుగోది పరీక్షలో బలి ఇవ్వడానికి.

అతికించడం, ఫైబర్ గుడ్డ కట్టడం

ముందు ముక్కల్ని పొడిగానే రాడ్ మీద గుచ్చి, బల్ల మీద పెట్టి కోణాలు చూసుకోండి. ప్రతి 15 సెంటీమీటర్లకి ఒక ఆనింపు దిమ్మ కూడా ప్రింట్ చేసుకుంటే రెక్క అందులో తొట్టెలో పడుకున్నట్టు సరైన మెలికతో కూర్చుంటుంది. ఎపాక్సీ ఆరేదాకా అక్కడే ఉంచాలి.

తర్వాత 80 నంబర్ గరుకు కాగితంతో మొత్తం రుద్దండి. నునుపు మీద ఎపాక్సీ పట్టదు, పొర లేచి వస్తుంది. మెరుపు అంతా పోయి మసకబారేదాకా రుద్దాలి. చదరపు మీటరుకి 200 గ్రాముల గ్లాస్ గుడ్డ రెండు పొరలు, దారాలు రెక్క పొడవునా నడిచేలా, ముందు అంచు మీదుగా చుట్టి వెనక అంచు దగ్గర కలిసేలా వేయండి. దిమ్మ మీద, అక్కణ్ణుంచి 20 సెంటీమీటర్ల దాకా ఇంకో నాలుగు పొరలు. వంపు బరువులో ఎక్కువ వంతు మోసేది ఈ గుడ్డే.

ఈ పని నాకు నేర్పింది భావనపాడులో ఫైబర్ పడవలు బాగుచేసే ఒక పెద్దాయన. కుంచెతో రాయకూడదు, పొడుస్తూ తడపాలి. తెల్లగా ఉన్న గుడ్డ రెజిన్ తాగి గాజులా మారాలి. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలిందంటే లోపల గాలి ఉన్నట్టే. "బుడగ ఒగ్గేస్తే అక్కడే నీరు చేరుద్ది బాబూ" అని నా చేతిలో కుంచె తీసుకుని చూపించాడు. ఒక్క విషయంలో మాత్రం ఆయన పద్ధతి మనకి పనికిరాదు. పడవలకి వాడేది పాలిస్టర్ రెజిన్, అందులోని స్టైరీన్ ఏఎస్ఏని కరిగించి మెత్తబరుస్తుంది. మనం ఎపాక్సీయే వాడాలి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

వాన రోజుల్లో ఎపాక్సీ ఆరాక పైన మైనంలా జిడ్డు పేరుకుంటుంది. దాని మీదే ఇంకో పొర వేస్తే అతకదు. గోరువెచ్చని నీళ్ళతో, గరుకు పీచుతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది అప్పుడు వేయండి. పూర్తయిన రెక్క నాకు 240 గ్రాముల చొప్పున వచ్చింది.

హబ్

హబ్‌ని ప్రింట్ చేయకండి. 4 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకలు రెండు, 15 సెంటీమీటర్ల వ్యాసార్థంతో, మధ్యలో దిమ్మలు. ఒక్కో రెక్కకి మూడు ఎం6 (6 మి.మీ.) స్టెయిన్‌లెస్ బోల్టులు, వదులు కాని నైలాక్ నట్లు. ప్లాస్టిక్‌ని నేరుగా బోల్టుతో బిగిస్తే ఎండకి అది నెమ్మదిగా అణిగి బోల్టు వదులవుతుంది. అందుకని బోల్టు రంధ్రంలో దిమ్మ మందానికి సరిగ్గా సరిపోయే ఇత్తడి బుష్ (చిన్న గొట్టం) ఎపాక్సీతో అంటించండి. బిగింపు బుష్ మీద పడుతుంది. రంధ్రాలు తిన్నగా రావడానికి డ్రిల్ గైడ్ ప్రింట్ చేసుకోండి, ప్రింటర్ బాగా పనికొచ్చే పని ఇది. ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్, అల్యూమినియం కలిసిన చోట తెల్లటి బూజులా తుప్పు మొదలవుతుంది, మధ్యలో గ్రీజు రాయండి.

ఇరుసుకి పట్టే బాస్ (హబ్ మధ్యలోని మందపాటి భాగం) పోత పోయించుకోవాలంటే ప్యాటర్న్ (ఇసుకలో అచ్చు తీసే నమూనా) ప్రింట్ చేసి ఫౌండ్రీకి ఇవ్వొచ్చు. అల్యూమినియం చల్లారితే 1.3 శాతం దాకా ముడుచుకుంటుంది కాబట్టి ప్యాటర్న్‌ని అంత పెద్దది చేయండి. ఇసుకలోంచి ఊడిరావడానికి పక్కలకి రెండు మూడు డిగ్రీల వాలు ఇవ్వండి.

ముక్కు టోపీ, జనరేటర్ మూత, వైర్ క్లిప్పులు నిశ్చింతగా ప్రింట్ చేసుకోండి. తోక మడత కీలు (గట్టి గాలికి తోక మడిచి రోటర్‌ని పక్కకి తిప్పేది), స్తంభం తల మాత్రం ఇనుములోనే.

గాలికి ఇచ్చే ముందు నేల మీద విరవండి

ఈ మెట్టు దాటవేసే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. లెక్క చూడండి. 8 మీటర్ల గాలికి రోటర్ నిమిషానికి దాదాపు 640 చుట్లు తిరుగుతుంది. అప్పుడు ఒక్కో రెక్క తన మొదలుని 28 కిలోల బరువు వేలాడదీసినంత బలంగా లాగుతుంది. 12 మీటర్ల గాలికి 64 కిలోలు. జనరేటర్ వైరు ఊడి లోడ్ లేకుండా పోయి, 20 మీటర్ల గాలి వీస్తే చుట్లు 2,500 దాకా పోవచ్చు, లాగుడు 430 కిలోలు దాటొచ్చు.

నాలుగో రెక్కని హబ్ పలకలకి బిగించి, 42 నుంచి 50 మధ్య రెండు చెక్కలు ఎపాక్సీతో అంటించి, చైన్ పుల్లీతో, మధ్యలో కొక్కెం కాటా పెట్టి లాగాం. 200 కిలోల దగ్గర అయిదు నిమిషాలు ఉంచాం. చిటికెలాంటి చప్పుడు వచ్చినా, బుష్ చుట్టూ తెల్లటి గీత కనిపించినా ఆ పద్ధతి ఫెయిల్ అయినట్టే, మళ్ళీ చేయాలి. లాగేటప్పుడు రెక్క వరసలో ఎవరూ నిలబడకూడదు.

వంపు పరీక్ష తేలిక. 12 మీటర్ల గాలి ఒక్కో రెక్కని సుమారు 3 కిలోల బలంతో వెనక్కి తోస్తుంది. మొదలు బిగించి, 40 సెంటీమీటర్ల దగ్గర పది కిలోల బియ్యం సంచి వేలాడదీయండి. ఇది నాలుగు రెక్కలకీ చేయాలి. దించాక రెక్క మొదటి స్థానానికి తిరిగి రావాలి.

సమతూకం

మూడు రెక్కల బరువు గ్రాము తేడాలో ఉండాలి. అది చాలదు, బరువు ఎక్కడ ఉందన్నది కూడా కలవాలి. హబ్‌ని బిగించి, మంచి బేరింగుల మీద అడ్డంగా ఉన్న ఇరుసుకి పెట్టి, తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి వదలండి. బరువైన రెక్క కిందికి దిగుతుంది. ఎదురు వైపు వలలకి కట్టే సీసం గుండ్లు టేపుతో అంటిస్తూ పోండి. ఎక్కడ వదిలితే అక్కడ ఆగేదాకా చేయాలి. తర్వాత ఆ గుండ్లు తీసి తూచి, అంతే దూరంలో పలకకి అంతే బరువు వాషర్లు బోల్టుతో బిగించండి.

జనరేటర్

గేర్లు లేని ఎలక్ట్రిక్ సైకిల్ హబ్ మోటార్, 36 వోల్టులది, పాతదైనా చాలు. గేర్లున్నది వద్దు, లోపల ఫ్రీవీల్ ఉంటుంది, రెక్కలు తిప్పినా మోటార్ తిరగకపోవచ్చు. నిమిషానికి 300 చుట్లకి 36 వోల్టులిచ్చే మోటారైతే 24 వోల్టుల బ్యాటరీని 220 చుట్ల దగ్గర చార్జ్ చేయడం మొదలుపెడుతుంది. మన రోటర్‌కి 3 మీటర్ల గాలిలో 240 చుట్లు వస్తాయి కాబట్టి జోడీ కుదిరినట్టే. మీ మోటార్ మీద రాసింది నమ్మకుండా, డ్రిల్ మిషన్‌తో తిప్పి మల్టీమీటర్‌తో చూసుకోండి. మోటార్ మూడు వైర్ల నుంచి బ్రిడ్జ్ రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది), ఆ తర్వాత గాలిమరల కోసం చేసిన కంట్రోలర్. సోలార్ కంట్రోలర్ వాడకండి. బ్యాటరీ నిండగానే అది లోడ్ తీసేస్తుంది, రోటర్ పట్టపగ్గాలు లేకుండా తిరుగుతుంది. గాలిమర కంట్రోలర్ ఆ మిగులుని డంప్ లోడ్‌లో వేడిగా ఖర్చు చేస్తుంది. మూడు వైర్లనీ ఒకదానికొకటి కలిపే స్విచ్ ఒకటి స్తంభం అడుగున చేతికందే ఎత్తులో పెట్టండి. అదే బ్రేకు. గాలి తక్కువగా ఉన్నప్పుడే వేయాలి.

స్తంభం, తుపాను

చుట్టూ 150 మీటర్లలో ఉన్న దేనికన్నా రోటర్ అడుగు కొస 9 మీటర్లు పైన ఉండాలన్నది పాత నియమం. బావ గుడిసె 3 మీటర్లు, మేం దాదాపు 13 మీటర్ల జీఐ పైపు నిలబెట్టాం. అడుగున మడత కీలు, రెండు వరసల్లో నాలుగేసి తీగలు, పక్కన ఎత్తి దించడానికి ఇంకో పైపు. దించలేని స్తంభం మన తీరంలో పెట్టకూడదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. అంటే సెకనుకి 40 మీటర్లు. 12 మీటర్ల గాలితో పోలిస్తే తోపు పదకొండు రెట్లు.

మొదటిసారి తిప్పే రోజు తేలిక గాలిలో బ్రేకు తీసి, రోటర్ తిరిగే తలానికి పక్కగా కాకుండా ముందు వైపు దూరంగా నిలబడి గమనించండి. స్తంభం మీద చెయ్యి వేస్తే వణుకు తెలిస్తే వెంటనే ఆపి సమతూకం మళ్ళీ చూడండి. వారానికి దించి బోల్టులు చూడండి, నెల తర్వాత నెలకోసారి. దిమ్మ పక్కన, 24, 42 సెంటీమీటర్ల అతుకుల దగ్గర రంగులో వెంట్రుకంత గీత కనిపించినా ఆ రెక్క మార్చేయాలి. ముందు అంచు ఇసుకకి అరుగుతుంది, ఏడాదికోసారి రంగు వేయాలి.

అక్టోబర్, నవంబర్లలో రేడియో వినండి. కళింగపట్నం ఓడరేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని విన్న రోజే మేం దించేస్తాం, గాలి ముదిరేదాకా చూడం. బ్రేకు వేసి, రోటర్ పూర్తిగా ఆగాక తాడు కట్టి, ముగ్గురు మనుషులు కలిసి స్తంభాన్ని గట్టు వాలుకి పడుకోబెడతాం. తొమ్మిది బోల్టులు విప్పి రెక్కల్ని గోనెసంచిలో చుడతాం. కిందటిసారి వాటిని గుడిసెలోనే పెట్టేద్దామన్నాడు బావ. గుడిసే నిలుస్తుందో లేదో తెలియనప్పుడు రెక్కలు అక్కడెందుకని ఇంటికి తెచ్చేశాం. మీరూ అలాగే తెచ్చుకోండి.